కల్లంలో మూడో జత అడుగులు

1986వ సంవత్సరం మార్చి నెల 11వ తేదీ, మంగళవారం, ఉదయం పదిన్నర గంటలు. స్థలం, అద్దంకి రోడ్డుకు తూర్పుగా మా పాలెం పొలిమేరలో ఉన్న వెంకటరావమ్మ గారి మిరపకల్లం. హాజరైనవారు: సబ్ ఇన్‌స్పెక్టరు పూర్ణచంద్రరావు, కానిస్టేబులు ఖాదర్ వలి, కల్లం యజమానురాలు వెంకటరావమ్మ, కల్లం కాపలాదారు జక్రయ్య, అతని కూతురు, ఎనిమిదో నెల గర్భిణి సంతోషకుమారి, తాలుకాయలు ఏరుతున్న పదకొండుమంది కూలి స్త్రీలు, వీరు గాక, ఈ వాక్యం రాసిన నేను.

పంచనామాలో మొదటి వాక్యం ఇది. ఎస్సై చెబుతుండగా నేనే రాశాను. స్టేషను తరఫున రాయవలసిన ఖాదర్ వలి చేతిలో కలం నిలవలేదు. కల్లానికి ఎదురిల్లు నాది. నా దస్తూరి బాగుంటుందని వెంకటరావమ్మ గారు చెప్పారు. అలా ఆ పని నాకు వచ్చింది. మొదటి వాక్యానికి ఐదు నిమిషాలు పట్టింది. రెండో వాక్యం మధ్యాహ్నం మూడింటిదాకా కుదరలేదు.

హాజరైనవారి జాబితాలో మేస్త్రి పేరు లేదు. అప్పటికి అది జక్రయ్య తువ్వాలు కింద పడి ఉంది.

మేస్త్రి జక్రయ్య కుక్క. నల్లమచ్చలున్న గోధుమరంగు ఊరకుక్క. కూలీలు పనిలో ఉన్నంతసేపూ గట్టుమీద కూర్చుని ఒకరి తరవాత ఒకరిని పరిశీలించే దాని తీరు చూసి ఆడవాళ్లే ఆ పేరు పెట్టారు. ఎవరైనా నడుము వాల్చితే, మేస్త్రి చూస్తున్నాడే, లేవవే, అని ఒకరినొకరు ఎగతాళి చేసుకునేవారు.

మిరపకల్లంలోకి చెప్పులతో రాకూడదు. మా వైపు ఇది ఎవరూ ఎవరికీ చెప్పనక్కరలేని నియమం. ఎండుతున్న కాయ చెప్పు కింద పడితే పగులుతుంది. పగిలిన కాయ గింజ రాలుస్తుంది. గింజ రాలిన కాయను గుంటూరు యార్డులో తాలుకాయల కుప్పలోకి తోసేస్తారు. వట్టికాలికి కాయ తగిలినట్టు తెలుస్తుంది. కాలు దానంతటదే పక్కకు తప్పుకుంటుంది. అందుకే కల్లానికి పడమటి మూల, గట్టు కింద, ఎప్పుడు చూసినా చెప్పుల వరస ఒకటి ఉంటుంది. వెంకటరావమ్మ గారి చెప్పులూ ఆ వరసలోనే ఉంటాయి.

ఈ నియమాన్ని జక్రయ్య తన కుక్కకు నేర్పాడు. రెండు పంటకాలాలు పట్టింది. అది పిల్లగా ఉన్నప్పుడు తనే చెప్పులు తొడుక్కుని కల్లంలో అడుగు పెట్టేవాడు. పంచె అంచు పట్టుకుంటే ఎండుచేప ముక్క. ఒంటికి పన్ను తగిలిస్తే ముక్క లేదు, పైగా ఆ రోజంతా దానివైపు చూడకుండా ముఖం తిప్పుకునేవాడు. వట్టికాళ్లతో నడిచినప్పుడు పట్టుకున్నా ముక్క లేదు. మొరగకూడదు, మొరిగితే దొంగ పారిపోతాడు, నిలబెట్టాలి గదా అనేవాడు. ఆఖరున నేర్పింది వదలడం. తువ్వాలుతో తొడమీద రెండు దెబ్బలు వేస్తే మేస్త్రి గుడ్డ వదిలి, రెండడుగులు వెనక్కి జరిగి, కూర్చుని, జక్రయ్య చేతివైపు చూడాలి. అప్పుడు మరో ముక్క.

ఇదంతా నా కిటికీలోంచి చూశాను. కిందటేడు కాయ కొనడానికి వచ్చిన ఒక దళారి చెప్పులతో దిగి, జక్రయ్య భోజనం చేసి వచ్చేదాకా అరగంటసేపు కదలకుండా కల్లం మధ్య నిలబడ్డాడు. ఒంటిమీద గీత కూడా పడలేదు. ఆ పెద్దమనిషి అప్పటినుంచి వెంకటరావమ్మ గారి ఇంటికి కాఫీకి వచ్చినా చెప్పులు వీధి గుమ్మంలోనే విడిచి, ముందు చుట్టూ చూసి, తరవాత లోపలికి వచ్చేవాడు.

ఆ ఉదయం పోలీసులు వచ్చింది ఎవరినీ పట్టుకోవడానికి కాదు. వారం రోజులుగా చుట్టుపక్కల కల్లాల నుంచి మిరప బస్తాలు లారీకెక్కి మాయమవుతున్నాయి. ఆదివారం మా రోడ్డున వెళ్లిన ఒక లారీని జక్రయ్య చూశాడని ఎవరో చెప్పారు. దాని రంగేమిటో అడగడానికి వచ్చారు. దొంగల ముఠా కోసం తెల్లవార్లూ గస్తీ తిరిగి, ఇంటిముఖం చూడకుండా నేరుగా ఇటే వచ్చారు. అందుచేత ఖాదర్ వలి భుజాన తుపాకి ఉంది.

తొమ్మిదీ నలభై అయివుంటుంది. నేను అరుగుమీద కూర్చుని పేపరు చూస్తున్నాను. జీపు రోడ్డుమీద ఆగింది. జక్రయ్య గుడిసె కల్లానికి అవతలి అంచున ఉంది. గట్టు చుట్టి పోవడానికి దారి ఉంది. అడ్డంగా పోతే ముప్పై అడుగులు. వాళ్లు అడ్డంగా దిగారు. ముందు ఖాదర్ వలి, వెనక ఎస్సై. ఏరుతున్న ఆడవాళ్లందరూ ఒక్కసారిగా తలలెత్తారు. కొండమ్మ చెయ్యి ఊపి బూట్లు, బూట్లు అంది. ఘాటుకు ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకుని ఉంది. ఆ మాట గుడ్డ దాటి బయటికి రాలేదు.

మేస్త్రి గట్టుమీద నుంచి లేచింది. మొరగలేదు. వెనకనుంచి వెళ్లి ఖాదర్ వలి ఎడమకాలి ప్యాంటు అంచు పట్టుకుంది. అతను తిరిగి చూసి, చిన్నపిల్లవాడిలా అమ్మో అన్నాడు. తుపాకి భుజం మీదనుంచి చేతుల్లోకి వచ్చింది. గుడిసె వెనక బిందె పడిన చప్పుడైంది. జక్రయ్య పరుగెత్తుకు వస్తూ తువ్వాలుతో తొడమీద రెండు దెబ్బలు కొట్టాడు. మేస్త్రి గుడ్డ వదిలింది. రెండడుగులు వెనక్కి జరిగింది. కూర్చుంది. జక్రయ్య చేతివైపు తల తిప్పింది.

తుపాకి పేలింది అప్పుడు.

ఈ క్రమాన్ని నేను ఎన్నోసార్లు ముందుకూ వెనక్కీ నడిపి చూశాను. ఏ ఒక్కటీ చోటు మారదు. వదిలింది, జరిగింది, కూర్చుంది, పేలింది.

చప్పుడుతోపాటు ఎర్రటి దుమ్ము లేచింది. అందరం దగ్గాం. అందరి కళ్లూ నీళ్లు కారాయి. ఎవరివి ఘాటుకో ఎవరివి మరి దేనికో చెప్పడానికి వీల్లేకపోయింది. దుమ్ము అణిగేసరికి నేను కుక్క పక్కన నిలబడి ఉన్నాను. అరుగు ఎప్పుడు దిగానో, రోడ్డు ఎలా దాటానో తెలియదు. నా ఎదురుగా జక్రయ్య ఉన్నాడు. అతని కుడిచెయ్యి ముందుకు చాచి ఉంది. ఆ చేతిలో, రొంటినుంచి తీసిన ఎండుచేప ముక్క.

చాలాసేపు అతను ఆ చెయ్యి దించలేదు.

*

వెంకటరావమ్మ గారి పాకలో బల్ల వేశారు. ఎస్సై టోపీ తీసి బల్లమీద పెట్టాడు. ఇరవయ్యారు, ఇరవయ్యేడు ఏళ్లుంటాయి. కఠినుడేమీ కాదు, కూర్చోమని సంతోషకుమారికి ముందుగా కుర్చీ చూపించినవాడు అతనే. మొదటి వాక్యం అయ్యాక, రెండో వాక్యంగా ఇలా రాయమన్నాడు: సదరు కుక్క పిచ్చికుక్క అయినందున, ప్రజల ప్రాణరక్షణ నిమిత్తం కాల్చివేయడమైనది.

నేను రాయలేదు. అది పిచ్చిది కాదన్నాను. అతను విసుక్కోలేదు. స్టేషనులో ఒక తూటా తగ్గితే ఎందుకు తగ్గిందో పై ఆఫీసుకు రాయాలనీ, కుక్కమీద పేల్చిన తూటాకు ఒప్పుకునే కారణం అదొక్కటేననీ, దీనివల్ల ఎవరికీ నష్టం లేదనీ ఓపికగా వివరించాడు. పోయింది ఎటూ పోయింది గదా అన్నాడు. తరవాత, పద్ధతి ప్రకారం చేయవలసిన పని గుర్తొచ్చి, ఆ కుక్క చొంగ ఈమధ్య ఎవరెవరికి తగిలిందో పేర్లు చెప్పమని అడిగాడు. వాళ్ల పేర్లు కాగితం చివర రాయాలి, ఆసుపత్రికి పంపాలి.

ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇద్దరు చీరకొంగు తీసి చేతులు తుడుచుకున్నారు. సంతోషకుమారి కుర్చీలోనే ఉండి తన కుడిచేతి బొటనవేలు చూసుకుంది. పురిటికి పుట్టింటికి వచ్చి నెలరోజులైంది. తొలిచూలు. ముందురోజు కొడవలితో వేలు తెగితే గుడ్డ కట్టుకుంది. పొద్దున గంజన్నం పెడుతుంటే మేస్త్రి ఆ వేలు నాకింది. ఎవరూ చూడలేదు. ఆమె చెప్పకపోతే ఎవరికీ తెలియదు. చెప్పింది.

“పొట్టమీదేనా అండీ వేసేది?” అని అడిగింది ఎస్సైని. “పద్నాలుగూ?”

ఆ రోజుల్లో ఆ ఇంజక్షన్ల సంగతి తెలియని ఇల్లు లేదు. బొడ్డు చుట్టూ, రోజుకొకటి. ఆమె రెండు చేతులూ పొట్టమీద ఉన్నాయి. పొడవు వేళ్లు, వెడల్పు అరచేతులు. అయినా ఆ పొట్ట మొత్తం కప్పడానికి చాలలేదు.

పిచ్చికుక్క అన్న మాట ఎస్సై తూటా కోసం వాడాడు. ఆ మాట తూటాను దాటి పాకలోకి, కుర్చీలోకి, ఇంకా పుట్టని బిడ్డ దగ్గరకు పోతుందని అనుకోలేదు. అది అతని ముఖంలో స్పష్టంగా కనిపించింది. సంతోషకుమారికి అటూ ఇటూ కూర్చున్న ఇద్దరు కూలీలు అప్పటికే లేచి వెనక్కి జరిగారు. నిన్నటిదాకా ఆ పిల్ల కడుపు చూసి మగపిల్లాడా ఆడపిల్లా అని పందాలు వేసినవాళ్లే.

నాకు బాగా గుర్తున్నది ఆ జరగడం. కుర్చీకి అటు రెండు మూరలు, ఇటు రెండు మూరలు ఖాళీ. పిచ్చికుక్క అన్న మాట కాగితం మీద ఇంకా పడనే లేదు.

వెంకటరావమ్మ గారు మాత్రం కదలలేదు. ఆవిడది ఊరంతా వినిపించే గొంతు.

“పిచ్చిదైతే తువ్వాలు చూసి కూర్చుంటదా అయ్యా? మా మేస్త్రికున్న బుద్ధి మనుషులకుంటే నాకీ కల్లానికి కాపలాయే అక్కర్లా.”

తువ్వాలు మాటతో సంగతి మరోవైపు తిరిగింది. తుపాకి పేలకముందు ఎస్సై ఆ తువ్వాలు చూశాడు. ఒక మనిషి కేకలేస్తూ, తువ్వాలు ఝళిపిస్తూ తమ మీదికి పరుగెత్తుకు రావడం అతనికి కనిపించింది. కుక్కను ఉసికొల్పుతున్నాడనే అనుకున్నాడు. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నట్టు చెప్పాడు. కుక్క పిచ్చిది కాకపోతే అది ఎవరో నేర్పిన పని చేసిందన్నమాట. నేర్పినవాడు ఎదురుగానే ఉన్నాడు. అప్పుడు రాయవలసింది విధినిర్వహణలో ఉన్న పోలీసుమీదికి కుక్కను ఉసికొల్పిన నేరం. బెయిలు, కోర్టు, ఎన్నాళ్లు పడుతుందో చెప్పలేని వాయిదాలు. ఈ రెండింటిలో ఏది రాయమంటారో మీరే చెప్పండి మాస్టారూ, అన్నాడు. అందులో బెదిరింపు లేదు. నిజంగానే అతనికి ఇంకో దారి తెలియదు.

జక్రయ్య బల్ల దగ్గరకు వచ్చి చేతులు కట్టుకున్నాడు.

“నామీదే రాయండి సార్. పిల్లకొద్దు.”

సంతోషకుమారి తలెత్తి నాన్నా అంది.

*

ఏదో ఒకటి రాయడానికి ముందు జరిగిన చోటు కొలవాలని నేను కోరాను. పంచనామాలో కొలతలు ఉండాలి గనక ఎస్సై కాదనలేకపోయాడు. చెప్పులు ఎక్కడున్నాయో అప్పుడు నేను గమనించలేదు. ఆ సంగతి తరవాత వస్తుంది. టేపు లేదు. వెంకటరావమ్మ గారి పాకలో బస్తాలు కుట్టే పురికొస ఉంటే దానికి మూరకొక ముడి వేసుకున్నాను.

కల్లంలో అడుగులు పరచిన కాయమీద చక్కగా పడి ఉన్నాయి. బూటు పడినచోటల్లా కాయ నలిగి గింజ తెల్లగా బయటపడింది. ఖాదర్ వలి అడుగులు తొమ్మిది. ఎస్సైవి ఏడు. ఖాదర్ వలి ఆఖరి అడుగునుంచి మేస్త్రి పడి ఉన్న చోటికి మూడు మూరల పైన. తువ్వాలు ఎత్తి చూశాను. నోట్లో గుడ్డపోగు లేదు. వెనకకాళ్లు మడిచి ఉన్నాయి. గాయం నడినెత్తిన ఉంది. మీదికి దూకుతున్న జంతువుకు గుండు అక్కడ తగలదు. ఖాదర్ వలి ప్యాంటు అంచు చూపమన్నాను. చిరగలేదు. రూపాయి బిళ్లంత తడి, అది కూడా దాదాపు ఆరిపోయింది. ప్యాంటు పైకి మడిచాడు. కాలిమీద ఏమీ లేదు.

ఇవి కాక ఇంకో జత అడుగులు ఉన్నాయి. బూట్లవి కావు, చెప్పులవి. రోడ్డువైపు నుంచి నేరుగా కుక్క దగ్గరకు వచ్చాయి. నడిచినవి కావు, అడుగుకూ అడుగుకూ మధ్య రెండేసి మూరలు. ఎస్సై వాటిని నాకన్నా ముందు చూశాడు. కాపలావాడు పరుగెత్తుకు వచ్చిన గుర్తులే ఇవి అన్నాడు. జక్రయ్య కాళ్లవైపు చూశాం. వట్టికాళ్లు. పైగా అతను వచ్చింది గుడిసె వైపు నుంచి. కూలీలందరివీ వట్టికాళ్లే. వెంకటరావమ్మ గారి చెప్పులు గట్టు కింద వరసలో ఉన్నాయి. ఆ అడుగులు ఎవరివో కనుక్కోవడానికి నేను పురికొస పట్టుకుని వాటి వెంట కుక్క దగ్గరిదాకా వచ్చాను. అక్కడినుంచి అవి పాకవైపు తిరిగాయి. పాకలో బల్ల దగ్గరకు వచ్చాయి. మళ్లీ కల్లంలోకి వచ్చాయి. నేను నిలబడి ఉన్నచోట ఆగాయి.

నా కాళ్లకు చెప్పులున్నాయి.

ఎనిమిదేళ్లుగా ఆ కల్లానికి ఎదురుగా ఉంటున్నాను. ఏ కుక్క ఏ గుడ్డ ఎందుకు పట్టుకుంటుందో ఆ పాలెంలో జక్రయ్య తరవాత నాకే ఎక్కువ తెలుసు. పట్టుకోవడానికి అది లేకపోయింది గనక ఎవరూ నన్ను ఆపలేదు. కొలతలు కొలుస్తూ మరో ఇరవై అడుగుల కాయ తొక్కాను. చెమట పట్టింది. వంగి చెప్పులు విడిచి చేతిలో పట్టుకున్నాను.

వెంకటరావమ్మ గారు అప్పుడు వేరే మనిషితో మాట్లాడుతున్నారు. ఖాదర్ వలి గట్టుమీద, మేస్త్రి ఎప్పుడూ కూర్చునే చోటికి కొంచెం ఇవతల కూర్చుని ఉన్నాడు. ఏ ఊరు నీది అని ఆవిడ అడిగారు. కనిగిరి దగ్గర అన్నాడు. మీ అమ్మ ఏం చేస్తుందని అడిగారు. అతని తల్లి జానీబీ. ప్రతి ఏడూ మిరపకోతలకు మెట్టనుంచి ఇటు దిగి వచ్చేదట. చిన్నప్పుడు ఇతన్ని వెంట తెచ్చి ఇలాంటి కల్లం పక్కనే ఉయ్యాల కట్టి పడుకోబెట్టేదట.

“మరి నీకు తెలీదురా, బూట్లతో కల్లంలో దిగకూడదని?”

“తెలుసమ్మా.” బూట్లవైపు చూసుకున్నాడు. “చెప్పులతో దిగితే మా అమ్మ వీపు పగలగొట్టేది. తెలుసు. బూట్లు తొడుక్కున్నాక గుర్తు రాలేదు.”

మేం పాకలోకి తిరిగి వచ్చాక ఖాదర్ వలి లేచి ఎస్సై దగ్గరకు వచ్చాడు. తాను బూట్లతో దిగాననీ, కుక్క గుడ్డ పట్టుకుని వదిలి కూర్చున్నదనీ, కూర్చున్నాకే పేల్చాననీ రాయమన్నాడు. ఎస్సై అతన్ని పక్కకు పిలిచాడు గాని, పాక చిన్నది, అన్నీ వినిపించాయి. ఉద్యోగంలో చేరి రెండేళ్లయినా కాలేదు, విచారణ వేస్తారు, సస్పెండు చేస్తారు, ఆలోచించుకో అన్నాడు. పిచ్చికుక్క అని రాస్తే తనకూ పద్నాలుగు ఇంజక్షన్లు వేస్తారు గదా, వాటికి తాను సిద్ధమేనని ఖాదర్ వలి చెప్పాడు. కుర్చీవైపు చూశాడు.

“ఆమెకు కూడా వేస్తారు సార్.”

నేను ఎస్సైని ఒక ప్రశ్న అడిగాను. అడిగేటప్పుడు చేతిలో చెప్పులున్నాయి. మీ శిక్షణలో కుక్కల గురించి ఎన్ని గంటలు చెప్పారు, అని. ఎగతాళి అనుకున్నాడేమో, నా ముఖం చూసి కాదని గ్రహించాడు. నిజాయితీగా ఆలోచించాడు. గుర్రపుస్వారీ నెలల తరబడి నేర్పారు, గుర్రం బెదిరితే ఏం చేయాలో, పడిపోతే ఎలా పడాలో కూడా నేర్పారు అన్నాడు. కుక్క గురించి మాత్రం పిచ్చిదైతే కాల్చవచ్చు అని ఒక్క వాక్యం. ఈ జిల్లాలో ఇంతవరకూ తాను గుర్రం ఎక్కలేదనీ, కుక్క లేని గుమ్మం తొక్కలేదనీ అన్నాడు. ఖాదర్ వలికి ఆ ఒక్క వాక్యం కూడా చెప్పలేదు. తొమ్మిది నెలలు కవాతు చేయించి, ఏమైనా సరే తుపాకి మాత్రం వదలవద్దని నేర్పారు. వదలలేదు.

“కుక్క పట్టుకుంటే కదలకుండా నిలబడాలని ఎవరూ చెప్పలేదు సార్,” అన్నాడు ఖాదర్ వలి. “ఇందాక అమ్మగారు చెప్పిన దళారికి తెలిసింది. నాకు తెలీలేదు.”

*

అప్పుడు నేను రెండో వాక్యం రాశాను. జక్రయ్య కాపలాకుక్క ఆరోగ్యంగా ఉన్నదనీ, కల్లంలోకి పాదరక్షలతో వచ్చినవారి గుడ్డ పట్టి నిలబెట్టడం దానికి నేర్పిన పని అనీ, యజమాని సంజ్ఞ చేయగానే వదిలి కూర్చున్నదనీ, ఆ తరవాత కానిస్టేబులు ఖాదర్ వలి భయంవల్ల తుపాకి పేల్చాడనీ.

ఎస్సై చదివాడు. ఆరోగ్యం దగ్గర ఆగలేదు. పాదరక్షల దగ్గర ఆగలేదు. కూర్చున్నది అన్నదగ్గర ఒక్క క్షణం ఆగి, ముందుకు పోయాడు. భయం అన్న మాట దగ్గర వేలు పెట్టి, ఇది తీసేయాలి అన్నాడు. పోలీసు భయపడ్డాడని ప్రభుత్వ కాగితంలో ఉండకూడదు. ఆత్మరక్షణార్థం అని రాయమన్నాడు.

గంటకు పైగా ఆ ఒక్క మాట దగ్గరే కూర్చున్నాం. ఎండ పాకలోకి వచ్చింది. వెంకటరావమ్మ గారు మజ్జిగ ఇచ్చారు, తాగాం. ఆత్మరక్షణ అంటే ఎవరినుంచి అని అడుగుతారన్నాను. కూర్చున్న కుక్కనుంచి అని చెప్పలేరు. అప్పుడు మళ్లీ అది పిచ్చిదైనా కావాలి, దాన్ని ఉసికొల్పినవాడైనా ఉండాలి.

“ఆ ఒక్క మాటకు కాగితంలో చోటివ్వకపోతే ఆ ఖాళీలో ఈ ఇద్దరిలో ఒకరిని కూర్చోబెట్టాలి,” అన్నాను జక్రయ్యనూ కూతురినీ చూపించి. “భయం కొత్తదేం కాదు. నేనూ భయపడ్డాను. నా చెప్పులు చూశారుగా.”

తరవాత పురికొస బల్లమీద పెట్టి, మూడో జత అడుగుల సంగతి కూడా పంచనామాలో చేర్చాను. చప్పుడు విని భయంతో పరుగెత్తుకు వచ్చిన సాక్షి, ఈ నియమం ఎనిమిదేళ్లుగా తెలిసినవాడై ఉండి, పాదరక్షలు విడవడం మరచినాడు; ఆ అడుగులు కుక్క కళేబరం వరకు పది, తరవాత ఇరవై. ఎస్సై ఆ వాక్యం రెండుసార్లు చదివాడు. ఒకే కాగితంలో రెండుచోట్ల ఉండేసరికి ఆ మాట అతనికి కొంత తేలికైనట్టుంది. వేలు తీసేశాడు. కానివ్వండి అన్నాడు.

సంతకం చేయడానికి ముందు నా చేతిలోంచి కలం తీసుకుని, కింద తన దస్తూరిలో రెండు వాక్యాలు రాశాడు. ఇళ్లకు, పొలాలకు, కల్లాలకు వెళ్లే సిబ్బందికి కుక్కలు ఎదురైనప్పుడు మెలగవలసిన తీరును శిక్షణలో నేర్పవలసి ఉన్నది. మాకు నేర్పలేదు. రెండో వాక్యం తరవాత కలం కాసేపు అలాగే ఉంచాడు. కొట్టేస్తాడేమో అనుకున్నాను. చుక్క పెట్టాడు.

ఖాదర్ వలి బూట్లు విప్పుతున్నాడు. తాళ్లు ముడిపడిపోయి చాలాసేపు పట్టింది. మేజోళ్లు కూడా తీసి బూట్లలో కుక్కి, గట్టు కింద చెప్పుల వరసలో, వెంకటరావమ్మ గారి చెప్పుల పక్కన పెట్టాడు. వట్టికాళ్లతో కల్లంలో దిగాడు. నేను చూశాను, ఒక్క కాయ కూడా నలగలేదు. కాళ్లకు అంతా గుర్తే ఉంది. వంగి మేస్త్రిని తువ్వాలుతో సహా ఎత్తబోతే జక్రయ్య అడ్డం రాలేదు, సాయమూ పట్టలేదు. గుడిసె వెనక గొయ్యి తీసి ఉంది. జక్రయ్య ఆ చేప ముక్కను తువ్వాలు మడతలో పెట్టాడు.

తిరిగి వచ్చి ఖాదర్ వలి సంతకం చేశాడు. ఈసారి కలం నిలిచింది. కాగితానికి మట్టి మాత్రం అంటింది. ఎస్సై చేశాడు. వెంకటరావమ్మ గారు గుండ్రటి అక్షరాలతో పూర్తి పేరు రాశారు. జక్రయ్య వేలిముద్ర. చివర నేను.

మూడు ప్రతులు రాశాను. ఒకటి స్టేషనుకు, ఒకటి పై ఆఫీసుకు. ఆ రెండూ ఎస్సై తన సంచిలో పెట్టుకున్నాడు. వాటికి ఏ గతి పడుతుందో అతనికీ తెలియదు, అడిగితే అదే చెప్పాడు. పోతూ పోతూ లారీ రంగు అడగడం గుర్తొచ్చి ఆగాడు. ఆకుపచ్చ అని చెప్పాడు జక్రయ్య.

మూడో ప్రతి సంతోషకుమారిది. కుక్క ఆరోగ్యంగా ఉన్నదన్న సంగతి ఆసుపత్రిలో ఎవరైనా అడిగితే చూపించడానికి. ఆమె ఎనిమిదో తరగతి దాకా చదువుకుంది. పెదవులు కదుపుతూ మొదటినుంచి చదివింది. ఆరోగ్యంగా అన్న మాట దగ్గర వేలు పెట్టి, మళ్లీ చదివి, నేనూ సంతకం పెట్టొచ్చా మాస్టారండీ అని అడిగింది. హాజరైనవారిలో నీ పేరు ఉంది, పెట్టవచ్చు అన్నాను. గుడ్డ కట్టిన బొటనవేలికి కలం ఆనించి, నెమ్మదిగా పెట్టింది. సిరా ఆరేదాకా ఊదింది. కొండమ్మ దగ్గరకు వచ్చి కుర్చీ పక్కన నేలమీద కూర్చుంది.

కాగితాన్ని సంతోషకుమారి నాలుగు మడతలు పెట్టింది. గుడ్డసంచి తెరిచి, గర్భిణుల ఆసుపత్రి చీటీ ఉన్న కవరులోకి దాన్ని తోసి, సంచి మూతి తాడు బిగించి కట్టి, ఒళ్లో పెట్టుకుంది.